అప్‌డేట్ తర్వాత కంప్యూటర్ మొరాయిస్తే: ఉబుంటు, డెబియన్ వాడేవారికి సమస్య - పరిష్కారం

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం ప్రాంతాల్లో డీటీపీ దుకాణాలు, జిరాక్సు సెంటర్లు, కొన్ని పాఠశాలలు పాత కంప్యూటర్ల మీద ఉబుంటునో డెబియన్‌నో (రెండూ ఉచిత లినక్స్ ఆపరేటింగ్ సిస్టంలు) పెట్టుకుని పని నడుపుకుంటున్నాయి. వాటిలో ఏ ఇబ్బంది వచ్చినా ముందుగా వినిపించే సలహా "ఫార్మాట్ కొట్టించెయ్యండి" అన్నదే. అది చివరి మార్గం కావాలి తప్ప మొదటిది కాకూడదని నేను గట్టిగా నమ్ముతాను. ఏ ప్యాకేజీ (సిస్టంలో ఎక్కే ఒక్కో సాఫ్ట్‌వేర్ మూట) ఏ రోజున ఏ వెర్షన్ నుంచి ఏ వెర్షన్‌కు మారిందో కంప్యూటరే రాసి పెట్టుకుంటుంది. ఫార్మాట్ చేస్తే ఆ రాత చెరిగిపోతుంది, కొత్తగా ఎక్కించిన సిస్టంలోకి అదే ప్యాకేజీ మళ్లీ దిగుతుంది, సమస్య మొదటికే వస్తుంది.

ఇక్కడ ఆదేశాలను ఉచ్చారణ ప్రకారం తెలుగులో రాస్తున్నాను. టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే కిటికీలో) వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలతో టైపు చేయాలి.

ముందుగా తెరవవలసిన ఫైలు

వార్ ఫోల్డరులోని లాగ్‌లో, ఆప్ట్ అనే ఫోల్డరు లోపల హిస్టరీ.లాగ్ అనే ఫైలు ఉంటుంది. ప్రతి అప్‌డేట్‌కూ అందులో ఒక పద్దు పడుతుంది: మొదలైన తేదీ, సమయం, ఇచ్చిన ఆదేశం, కొత్తగా చేరినవి, వెర్షన్ మారినవి, తొలగించినవి, ముగిసిన తేదీ. వెర్షన్ మారిన ప్రతి ప్యాకేజీ పక్కన కుండలీకరణాల్లో పాత అంకె, కొత్త అంకె వరసగా కనిపిస్తాయి. ఇబ్బంది ఎప్పటి నుంచి మొదలైందో దుకాణంలో పనిచేసేవారిని అడిగి తెలుసుకుని, ఆ తేదీకి ముందున్న పద్దును చదివితే సగం దర్యాప్తు అక్కడే పూర్తవుతుంది. పాత నెలల పద్దులు అదే చోట జీజెడ్ ఫైళ్లుగా ఉంటాయి. వాటిని విప్పనక్కరలేకుండా జెడ్‌లెస్ ఆదేశంతో చదవవచ్చు.

అంకెలను చదివే పద్ధతి కూడా తెలిసి ఉండాలి. డెబియన్ స్థిర విడుదలలో వెర్షన్ చివర "డెబ్12యు1", "డెబ్12యు2" వంటి తోక కనిపిస్తే, మూల సాఫ్ట్‌వేర్ మారకుండా భద్రతా లోపానికో తీవ్రమైన దోషానికో అతుకు మాత్రమే వేశారని అర్థం. అలాంటి మార్పు వల్ల మెనూలు, ఫాంట్లు తారుమారు కావడం అరుదు. ముందున్న పెద్ద అంకె మారితేనే పద్ధతులు మారే అవకాశం ఎక్కువ. అయితే అంకె పెద్దగా దూకినంత మాత్రాన కంగారు పడనక్కరలేదు. పత్రాలు తయారుచేసే ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్ 7.6 తర్వాత 2024 ఆరంభంలో ఏకంగా 24.2 రావడానికి కారణం, అంకెల్లో సంవత్సరం, నెల చెప్పే పద్ధతికి మారడమే.

సమస్య: శుభలేఖలో తెలుగు ఉన్నచోటే ఉంది, ఒడియా చెదిరింది

పెళ్లి శుభలేఖను ఒక పక్క తెలుగులో, మరో పక్క ఒడియాలో వేయించుకోవడం ఈ ప్రాంతంలో మామూలే. నిరుడు దాచిన నమూనాను అప్‌గ్రేడ్ తర్వాత లిబ్రేఆఫీస్‌లో తెరిస్తే తెలుగు వరసలు కదలవు గాని ఒడియా అక్షరాల లావు, ఎత్తు మారి, ముహూర్తం వరస రెండో పేజీకి జారిపోతుంది. ఫైలు పాడైందని చాలామంది అనుకుంటారు. ఫైలులో ఏ దోషమూ లేదు.

లిబ్రేఆఫీస్ లిపులను పాశ్చాత్య, తూర్పు ఆసియా, సంక్లిష్ట లిపులని మూడు గుంపులుగా చూస్తుంది. తెలుగు, ఒడియా రెండూ సంక్లిష్ట లిపుల గుంపులోనే ఉన్నాయి, ఒక స్టైల్‌లో ఆ గుంపు మొత్తానికి ఒకే ఫాంటును పెట్టగలం. మీరు పోతన2000 పెట్టారనుకుందాం. అందులో ఒడియా అక్షరాలు లేవు కనుక, ఒడియా వచ్చినచోటల్లా సిస్టంలో ఉన్న ఇంకో ఫాంటును వెతికి తగిలించే పని ఫాంట్‌కాన్ఫిగ్ అనే సిస్టం భాగం మీద పడుతుంది. నిన్నటిదాకా అది లోహిత్ ఒడియాను ఎంచుకుంటూ ఉండి, అప్‌గ్రేడ్‌తో పాటు నోటో ఫాంట్లు కొత్తగా చేరాక వాటిని ఎంచుకోవడం మొదలుపెడితే, మీరు ఎన్నడూ పేరు పెట్టి అడగని ఫాంటు మీకు చెప్పకుండానే మారిపోతుంది.

టెర్మినల్‌లో ఎఫ్‌సీ-మ్యాచ్ అని రాసి, ఖాళీ వదిలి, ":లాంగ్=ఓఆర్" అని ఇస్తే ఇప్పుడు ఒడియాకు ఏ ఫాంటుకు మొగ్గు ఉందో కనిపిస్తుంది. తెలుగుకైతే చివర "టీఈ" అని ఇవ్వాలి. కారణం తేలిన తర్వాత, ఒడియా భాగానికి వేరే క్యారెక్టర్ స్టైల్ తయారుచేసి, దానిలో సంక్లిష్ట లిపి ఫాంటుగా లోహిత్ ఒడియాను గాని నోటో సాన్స్ ఒరియాను గాని పేరు పెట్టి నిర్ణయించండి. ఆ పని ఒక్కసారి నమూనాలో చేస్తే తర్వాతి అప్‌గ్రేడ్‌లు దాన్ని కదిలించలేవు. ఫైలు ఇంకో ఊరి ప్రెస్సుకు వెళ్లేటట్లయితే ఫైల్ మెనూలో ప్రాపర్టీస్ తెరిచి, ఫాంట్ ట్యాబ్‌లో ఫాంట్లను పత్రంలోనే పొదిగే గుర్తు పెట్టండి. అచ్చుకు మాత్రం పీడీఎఫ్ పంపడమే మేలు.

తెలుగే మారిపోతే కారణం ఇంకా సులభం. ఫాంటు పేరు కనిపించే పెట్టెలో ఆ పేరు వాలు అక్షరాల్లో ఉంటే ఆ ఫాంటు సిస్టంలో లేదని లిబ్రేఆఫీస్ చెబుతున్నట్టు. పోతన2000, వేమన2000 రెండూ ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా ప్యాకేజీలో ఉన్నాయి. దాన్ని ఎక్కించి, లిబ్రేఆఫీస్‌ను మూసి తెరిస్తే చాలు.

సమస్య: తెలుగు టైపింగ్ రావడం లేదు, లేదా మీటలు వేరే అక్షరాలు ఇస్తున్నాయి

ఇవి రెండూ వేర్వేరు సమస్యలు. మొదటిదానిలో భాష మార్చే మీటలు నొక్కినా ఇంగ్లీషే వస్తుంది. హిస్టరీ.లాగ్‌లో "రిమూవ్" వరసను చదవండి. పెద్ద అప్‌గ్రేడ్‌లో ఐబస్-ఎం17ఎన్ ప్యాకేజీ తొలగిపోయి ఉంటే ఇంగ్లీషు అక్షరాల ఉచ్చారణతో తెలుగు టైపు చేసే ఆర్‌టీఎస్, ఐట్రాన్స్ వంటి పద్ధతులు దానితోపాటే పోతాయి. దాన్ని మళ్లీ ఎక్కించి, "ఐబస్ రీస్టార్ట్" ఇచ్చి, సెట్టింగ్స్‌లోని కీబోర్డు విభాగంలో మీ పద్ధతిని తిరిగి చేర్చండి.

రెండోదానిలో తెలుగు వస్తుంది గాని తప్పు తెలుగు వస్తుంది. ఆర్‌టీఎస్‌కు అలవాటైన చేయి "అమ్మ" రాద్దామని ఇంగ్లీషు "ఎ" మీట నొక్కగానే తెర మీద ఒంటరి ఓత్వం పడితే, ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ లిపులన్నిటికీ ఒకే తీరున మీటలు కేటాయించిన కీబోర్డు) అమరిక ఎంపికై ఉందని నిశ్చయించుకోవచ్చు, ఎందుకంటే ఇన్‌స్క్రిప్ట్‌లో ఆ మీట స్థానం ఓత్వానిదే. సెట్టింగ్స్ జాబితాలో "తెలుగు" అని ఉత్తగా కనిపించేది ఈ అమరికే. ఆర్‌టీఎస్ కావాలంటే పేరులో ఎం17ఎన్ అని ఉన్నదాన్ని ఎంచుకోవాలి. ఒడియాకు కూడా ఇదే వర్తిస్తుంది. బడిలో ఒడియా నేర్చుకుని ఇంట్లో తెలుగు రాసే పిల్లలకు మాత్రం ఇన్‌స్క్రిప్టే నేర్పించమని నేను చెబుతాను. రెండు లిపుల్లోనూ "క" ఒకే మీట మీద ఉంటుంది కాబట్టి ఒక్క సాధనతో రెండు భాషలూ వస్తాయి.

సమస్య: అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయింది

వేసవి సాయంత్రాల ఈదురుగాలులకు, అక్టోబరు తుపాన్లకు కరెంటు పోవడం ఇక్కడ కొత్త కాదు. 2018లో తిత్లీ తుపానుకు గజపతి జిల్లా ఎంత నష్టపోయిందో ఇక్కడివారెవరూ మరిచిపోలేదు. కంప్యూటర్ విషయానికి వస్తే, ప్యాకేజీలు దిగుతున్నప్పుడు కరెంటు పోతే నష్టం లేదు. దిగినంతవరకు ఆప్ట్ (ప్యాకేజీలను తెచ్చి ఎక్కించే ప్రోగ్రాము) దాచుకుని మిగిలినది తర్వాత తెచ్చుకుంటుంది. దిగిన ప్యాకేజీలు విప్పి అమర్చుతున్నప్పుడు పోతేనే చిక్కు. అప్పుడు ఏ కొత్త ప్యాకేజీ ఎక్కించబోయినా డీపీకేజీకి (ప్యాకేజీలను విప్పి అమర్చే ప్రోగ్రాముకు) అంతరాయం కలిగిందని సందేశం వస్తుంది, హిస్టరీ.లాగ్ చివరి పద్దులో ముగింపు తేదీ ఉండదు.

"సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఎ" అనే ఆదేశం సగంలో ఆగిన అమరికను పూర్తి చేస్తుంది. ఆ తర్వాత "సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్" ఇస్తే తెగిన ఆధారాలు అతుక్కుంటాయి. ఎక్కువ సందర్భాల్లో ఈ రెండూ సరిపోతాయి.

కంప్యూటర్ అసలు లేవకపోతే కెర్నెల్ (సిస్టం మూల భాగం) అమరిక మధ్యలో ఆగి ఉంటుంది. ఆన్ చేసేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ తెరిచి పాత కెర్నెల్‌ను ఎంచుకుంటే సాధారణంగా సిస్టం తెరుచుకుంటుంది. పైన చెప్పిన రెండు ఆదేశాలూ ఇచ్చి, "సుడో అప్‌డేట్-ఇనిట్‌రామ్ఎఫ్ఎస్ -యు -కె ఆల్" కూడా ఇవ్వండి. పాత కెర్నెళ్లను ఒక్కటి కూడా మిగల్చకుండా ఊడ్చేయవద్దనడానికి ఇదే కారణం. ఇంకా అరుదుగా, డీపీకేజీ తన ప్యాకేజీల చిట్టానే చదవలేకపోతుంది. ఆ చిట్టా పేరు స్టేటస్, అది వార్, లిబ్, డీపీకేజీ వరసలో ఉంటుంది. దాని పక్కనే ఉన్న స్టేటస్-ఓల్డ్‌ను గాని, వార్‌లోని బ్యాకప్స్ ఫోల్డరులో డీపీకేజీ.స్టేటస్ పేరుతో ఉన్న ప్రతిని గాని దాని స్థానంలో పెడితే పని మళ్లీ మొదలవుతుంది.

ముందుజాగ్రత్తగా అప్‌గ్రేడ్‌ను రెండు విడతలుగా చేయండి. "సుడో ఆప్ట్ ఫుల్-అప్‌గ్రేడ్ --డౌన్‌లోడ్-ఓన్లీ" అంటే ప్యాకేజీలను దించి మాత్రమే పెడుతుంది. మొబైల్ హాట్‌స్పాట్ మీద రాత్రి దించి పెట్టుకుని, మర్నాడు కరెంటు నిలకడగా ఉన్న వేళ చూసి, యూపీఎస్ నిండుగా ఉన్నప్పుడు అమరిక పూర్తి చేసుకోవచ్చు. పాఠశాల ల్యాబులో అనేక కంప్యూటర్లు ఉంటే ఒకదానిలో ఆప్ట్-క్యాచర్-ఎన్‌జీ పెట్టండి. ఒక ప్యాకేజీని ఒక్కసారే బయటి నుంచి తెచ్చి అన్నిటికీ పంచుతుంది. డేటా ప్యాకు మీద నడిచే ల్యాబులకు ఇంతకన్నా మేలు చేసే సాఫ్ట్‌వేర్ నాకు మరొకటి కనబడలేదు.

అప్‌డేటే మొదలు కానప్పుడు

లాక్ (ఒకేసారి ఒక ప్రోగ్రామే ప్యాకేజీలను మార్చేలా చూసే తాళం) దొరకలేదని సందేశం వస్తే వెనకాల ఆటోమేటిక్ అప్‌డేట్ నడుస్తోంది. కొంతసేపు ఆగండి. లాక్ ఫైలును చెరిపేయమని చెప్పేవారి మాట వినవద్దు, ఎందుకంటే ఆ పని వల్ల రెండు ప్రోగ్రాములు ఒకేసారి చిట్టా రాసే పరిస్థితి వచ్చి, లేని కష్టం వచ్చిపడుతుంది.

రిలీజ్ ఫైలు (అప్‌డేట్ సర్వర్ పంపే సంతకమైన జాబితా) ఇంకా చెల్లుబాటు కాలేదని వస్తే గడియారం చూడండి. పాత కంప్యూటర్ల మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సీఆర్2032 బ్యాటరీ అయిపోతే, స్విచ్ వేసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంది, ఇవాళ సంతకమైన ఫైలు ఆ కంప్యూటర్ దృష్టిలో భవిష్యత్తుది అవుతుంది. బ్యాటరీ మార్చి, "సుడో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-ఎన్‌టీపీ ట్రూ" ఇవ్వండి.

404 (ఫైలు దొరకలేదు) అని వస్తే ఆ విడుదల గడువు తీరిందేమో చూడండి. ఉబుంటు ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు) విడుదలకు 5 సంవత్సరాల మామూలు మద్దతు, మధ్య విడుదలలకు 9 నెలలే. 20.04కు ఆ మద్దతు 2025తో ముగిసింది. అక్కడి నుంచి 22.04కు, తర్వాత 24.04కు మెట్టు మెట్టుగా వెళ్లాలి. డెబియన్‌లోనూ ఒక విడుదలను దాటేసి పోకూడదు. 32-బిట్ కంప్యూటర్ ఉన్నవారు ఇంకో సంగతి గమనించాలి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 32-బిట్ పీసీలకు ఇన్‌స్టాలర్ గాని కెర్నెల్ గాని లేవు, కాబట్టి వారు డెబియన్ 12 దగ్గరే ఆగాలి.

డెబియన్ 11 నుంచి 12కు మారినవారికి వైఫై ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు రాకపోతే, ఆ ఫైళ్లు నాన్-ఫ్రీ నుంచి నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ అనే కొత్త విభాగానికి మారాయని గుర్తించి, ప్యాకేజీలు ఎక్కడి నుంచి తేవాలో చెప్పే సోర్సెస్.లిస్ట్ ఫైలులో ఆ పేరు చేర్చండి.

సమస్య: పిప్ ఏ ప్యాకేజీనీ ఎక్కించనంటోంది

గుణుపురంలో ఇంజనీరింగ్ చదివే పిల్లలు తరచుగా అడిగే ప్రశ్న ఇది. పిప్ అంటే పైథాన్ ప్యాకేజీలను ఎక్కించే సాధనం. డెబియన్ 12, ఉబుంటు 23.04 నుంచి పిప్ ఇన్‌స్టాల్ ఇస్తే, ఈ వాతావరణాన్ని బయటి నుంచి నిర్వహిస్తున్నారన్న సందేశం వచ్చి పని ఆగిపోతుంది. ఇది దోషం కాదు. పెప్ 668 అనే పైథాన్ ప్రతిపాదన ప్రకారం కావాలని చేసిన మార్పు. సిస్టం స్వయంగా వాడుకునే పైథాన్ లైబ్రరీలను పిప్ తిరగరాస్తే ఆప్ట్ అమర్చిన ప్రోగ్రాములు కూలిపోయేవి. "పైథాన్3 -ఎం వీఈఎన్‌వీ ప్రాజెక్ట్" అని ఇచ్చి వేరు వాతావరణం కట్టుకుని, దాని లోపలి పిప్‌తో ఎక్కించుకోండి. సందేశంలోనే కనిపించే "బ్రేక్-సిస్టం-ప్యాకేజెస్" అనే మార్గం పేరులోనే ప్రమాదం చెబుతోంది. ల్యాబులో పదిమంది వాడే కంప్యూటర్ మీద దాన్ని ప్రయోగించకూడదు.

సమస్య: ప్రింటరు పని తీసుకుంటోంది, కాగితం కదలదు

లేజర్‌జెట్ 1020 వంటి కొన్ని హెచ్‌పీ ప్రింటర్లకు హెచ్‌పీలిప్ ప్యాకేజీతోపాటు విడిగా ఒక ప్లగిన్ కావాలి, రెండిటి వెర్షన్ ఒకటే అయి ఉండాలి. అప్‌డేట్‌లో హెచ్‌పీలిప్ ముందుకు పోయి ప్లగిన్ పాతదే మిగిలితే ముద్రణ ఆగుతుంది. నెట్ ఉన్నప్పుడు "హెచ్‌పీ-ప్లగిన్ -ఐ" ఇస్తే కొత్త ప్లగిన్ దిగుతుంది.

దోషం నిజంగా కొత్త వెర్షన్‌దే అయితే

పైవేవీ కాకుండా, కొత్త వెర్షన్‌లోనే లోపం ఉందని తేలితే వెనక్కి వెళ్లవచ్చు. "ఆప్ట్ పాలసీ" తర్వాత ప్యాకేజీ పేరు ఇస్తే దొరికే వెర్షన్లు కనిపిస్తాయి. "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్" తర్వాత పేరు, సమాన గుర్తు, పాత వెర్షన్ రాస్తే అది తిరిగి ఎక్కుతుంది. ఆప్ట్ ఆదేశం పని అయ్యాక దించిన ఫైళ్లను చెరిపేస్తుంది, ఆప్ట్-గెట్ అలాగే ఉంచుతుంది. నెట్ ఖరీదైన చోట పాత ఫైలు చేతిలో ఉండడం అవసరం కనుక దుకాణాల్లో ఆప్ట్-గెట్‌తో అప్‌గ్రేడ్ చేయడమే నయం.

వెనక్కి వెళ్లాక "సుడో ఆప్ట్-మార్క్ హోల్డ్" తో ఆ ప్యాకేజీని నిలిపి ఉంచండి. అలా నిలిపిన ప్యాకేజీకి భద్రతా అతుకులు కూడా రావు కాబట్టి, నిలిపిన తేదీ, కారణం కంప్యూటర్ పక్కన గోడకు కాగితం మీద రాసి అంటించండి. అప్పుడప్పుడు "ఆప్ట్-మార్క్ షోహోల్డ్" చూసి, "ఆప్ట్ చేంజ్‌లాగ్" లో ఆ లోపం సరిచేసినట్టు కనిపించిన రోజున "సుడో ఆప్ట్-మార్క్ అన్‌హోల్డ్" ఇచ్చి విడిచిపెట్టండి.