బస్సు టిక్కెట్టు ఏ పేజీలో ఉంది?

ముప్పై ఒక్క ఏళ్లు శాఖా గ్రంథాలయంలో పనిచేశాను. తెనాలి దగ్గర ఒక చిన్న ఊరు, రెండు గదుల పెంకుటిల్లు, పదకొండు బీరువాలు. పదవీ విరమణ చేసి ఆరేళ్లయినా ఇప్పటికీ ఎవరో ఒకరు ఫోను చేసి "మేడమ్, మంచి పుస్తకం ఏదైనా చెప్పండి" అని అడుగుతుంటారు. బియ్యం కొట్టుకు వెళ్లి "మంచివి ఇవ్వండి" అంటే కొట్టతను ఊరుకుంటాడా? పులిహోరకా, అరిసెలకా, రోజూ అన్నానికా అని అడగడూ! అందుకని నేను పేర్లు చెప్పను. పుస్తకాన్ని ఎలా వెతుక్కోవాలో, చేతికి వచ్చాక అది మీకు పనికొస్తుందో లేదో పది నిమిషాల్లో ఎలా తేల్చుకోవాలో మాత్రం చెబుతాను.

గ్రంథాలయంలో అడుగు పెట్టగానే బీరువాల వైపు వెళ్లకండి. గ్రంథపాలకుల బల్ల మీద, పాఠకులు నిన్నా ఇవాళా తిరిగి ఇచ్చిన పుస్తకాలు దొంతరగా పేర్చి ఉంటాయి. ముందు అవి చూడండి. బీరువాల్లో ఉన్నవి ఎవరో కొని పంపినవి. ఆ దొంతరలో ఉన్నవి జనం మోసుకెళ్లి మోసుకొచ్చినవి. అపరాధ పరిశోధన నవల కింద భూసార పరీక్షల పుస్తకం, దాని కింద ఎవరిదో ఆత్మకథ, దాని కింద కుట్లు అల్లికలు. ఇన్ని రకాలు ఒకే చోట పక్కపక్కన ఇంకెక్కడా కనబడవు.

తర్వాత చివరి అట్ట తెరిచి, లోపల అతికించిన తేదీల చీటీ చూడండి. ఒకే ఏడాదిలో పదిహేను ముద్రలు పడి ఆ తర్వాత చీటీ ఖాళీగా ఉంటే అది ఆనాటి మోజు. ఏడాదికి ఒకటో రెండో చొప్పున ఇరవై ఏళ్లుగా ముద్రలు పడుతూనే ఉన్నాయా, ఆ పుస్తకాన్ని చంకలో పెట్టుకోండి. ఒక్క ముద్ర కూడా లేనిదాన్ని మాత్రం తొందరపడి తీసిపారేయకండి. మా దగ్గర అలాంటివి చాలావరకు పై అరలో ఉండేవి. ముక్కాలి పీట ఎక్కితే తప్ప అందవు, ఆ పీటకు ఒక కాలు కుదురు లేదు. ఒక వేసవిలో పై అర మొత్తాన్ని నడుము ఎత్తుకు దించాను. నెల తిరిగేలోగా సగం బయటికి వెళ్లాయి. అన్నేళ్లూ తప్పు పీటది.

పుస్తకాల్లో జనం మరిచిపోయే వస్తువులు మరో ఆధారం. నెమలీకలు, ఎండిన మల్లెపూలు, వక్కపొడి పొట్లాం కాగితాలు, అన్నిటికంటే ఎక్కువగా బస్సు టిక్కెట్లు. ఒక లావుపాటి నవల, బహుమతి వచ్చినదే, నాలుగుసార్లు నాలుగిళ్లకు వెళ్లింది. నాలుగుసార్లూ గుర్తు పద్దెనిమిదో పేజీకీ ఇరవై రెండో పేజీకీ మధ్యనే దొరికింది. ఏముందా అని నేను కూర్చుని చదివాను. అయిదు పేజీల పొడవునా ఒక భూస్వామి వంశావళి! ఎవరి మనవడు ఎవరో చివరికి రచయితకైనా గుర్తుందో లేదో. ఇరవై మూడో పేజీలో మాత్రం వరదొస్తుంది, అక్కడి నుంచి కింద పెట్టలేం. మొదటి పేజీలో చిన్న కాగితం అంటించాను: "ముందు 23వ పేజీ నుంచి చదవండి, వంశం సంగతి తర్వాత చూసుకోవచ్చు." ఆ తర్వాత టిక్కెట్లు చివరి పేజీల్లో దొరకడం మొదలైంది. రచయితలకు ఇది నచ్చకపోవచ్చు.

బీరువాల దగ్గరకు వచ్చాక అంకెలు నేర్చుకుంటే సగం పని తప్పుతుంది. పుస్తకాలను విషయాలవారీగా అంకెలిచ్చి సర్దే డ్యూయీ పద్ధతి పాటించే గ్రంథాలయాల్లో 520 అంటే ఖగోళం, 641.5 అంటే వంట, 920 అంటే జీవిత చరిత్రలు. తెలుగు సాహిత్యానికి 894.827, దాని చివర 1 చేరితే కవిత్వం, 2 అయితే నాటకం, 3 అయితే కథలూ నవలలూ. మీరు ఎప్పుడూ నిలబడని అంకె ముందు నెలకోసారి నిలబడండి. కాస్త నచ్చినట్టున్న పుస్తకం ఒకటి కనిపిస్తే దానికి అటు మూడు, ఇటు మూడు తీసి చూడండి. నేను ఖగోళం చదవడం మొదలుపెట్టింది ఇలాగే, పక్క అరలో దుమ్ము దులుపుతూ.

కొనుక్కునేవారికి హైదరాబాద్‌లో ఆదివారం అబిడ్స్ కాలిబాటలు, కోఠి పాత పుస్తకాల దుకాణాలు, విజయవాడలో లెనిన్ సెంటర్ ఉన్నాయి. అక్కడ చాలా చోట్ల ధర పుస్తకం మందాన్ని బట్టి పలుకుతుంది, కాబట్టి పలచని మంచి పుస్తకాలు చవగ్గా దొరుకుతాయి. మాస్కోలో ప్రగతి, రాదుగ సంస్థలు అచ్చువేసిన తెలుగు అనువాదాలు కంటపడితే వదలకండి, సోవియట్ యూనియన్‌తో పాటే ఆ ముద్రణా ఆగిపోయింది. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్తే పెద్ద దుకాణాలు ఎలాగూ చూస్తారు. ఒక బల్ల వేసుకుని రచయితే స్వయంగా కూర్చున్న చోట ఆగండి. సొంత డబ్బుతో అచ్చువేసుకున్న పుస్తకాల్లో చెత్త ఎక్కువే, నిజం. కానీ ఒక ఊరి చెరువుల గురించో, ఒక కులవృత్తి పనిముట్ల గురించో ఇంకెవరూ రాయనిది దొరికేదీ అక్కడే. ఇతర భాషల రచయితలు కావాలంటే 1954లో ఏర్పడిన సాహిత్య అకాదెమీ, 1957లో ఏర్పడిన నేషనల్ బుక్ ట్రస్ట్ వేసిన అనువాదాలు చూడండి. అకాదెమీ 'భారతీయ సాహిత్య నిర్మాతలు' వరుసలోని చిన్న పుస్తకం ఒకటి చదివితే, ఆ రచయిత మూల రచనల జోలికి వెళ్లాలో వద్దో తెలిసిపోతుంది.

ఇక పుస్తకం చేతిలో ఉంది. అట్ట మీది బొమ్మనూ వెనక అట్ట మీది పొగడ్తనూ దాటి, వివరాలు అచ్చువేసిన పేజీకి వెళ్లండి. ప్రథమ ముద్రణ ఏ సంవత్సరం, ఇది ఎన్నో ముద్రణ, ప్రతులు ఎన్ని, అన్నీ అక్కడుంటాయి. ముద్రణ వివరం చిన్నది అనుకోకండి. 1897లో అచ్చయిన కన్యాశుల్కం వేరు, 1909లో గురజాడ బాగా పెంచి తిరగరాసి వేసిన కన్యాశుల్కం వేరు. మనం సాధారణంగా చదువుతున్నది రెండోది. ఏది చేతిలో ఉందో తెలియకుండా ఇద్దరు వాదించుకుంటే ఇద్దరూ ఓడిపోతారు.

ముందుమాటల విషయంలో నాకు కొంచెం కోపం ఉంది, దాచుకోను. ఒక్కో కవితా సంపుటికి మూడేసి ఉంటాయి. రచయిత మంచితనం, తమ పాతికేళ్ల స్నేహం, కలిసి తాగిన టీలు. అవి దాటేయండి. ఫలానా కథలో ఫలానా సంభాషణ అని వేలు పెట్టి చూపించే ముందుమాట అయితే మాత్రం చదవండి, అదైనా పుస్తకం అయ్యాక. ఇప్పుడు మూడోవంతు దగ్గర తెరిచి ఒక పేజీ మొత్తం చదవండి. మొదటి పేజీని ఎవరైనా పదిసార్లు చెక్కుతారు, నూట పదో పేజీలో అసలు చేయి తెలుస్తుంది. ఒక్క జాగ్రత్త: పాత నవలల్లో చాలా వారపత్రికల్లో సీరియళ్లుగా వచ్చినవి. ప్రతి అధ్యాయం మొదట్లో వెనకటి సంగతి మళ్లీ చెప్పడం, చివర తలుపు చప్పుడుతో ఆపడం అందుకే. అలాంటివాటిని ఒక్క రాత్రిలో చదివి విసుక్కోవద్దు, రోజుకు రెండు అధ్యాయాలు చొప్పున చదివితే అసలు రుచి తెలుస్తుంది.

అన్ని రకాలనూ ఒకే తూకపురాయితో తూచడం నేను చేసిన పెద్ద పొరపాటు. చేరిన కొత్తలో డిటెక్టివ్ నవలలు అడిగేవారిని చిన్నచూపు చూసేదాన్ని. మా ఊళ్లో ఒక దర్జీ ఉండేవాడు, ఆ నవలలు తప్ప మరొకటి ముట్టేవాడు కాదు. హంతకుడు ఎవరో కనిపెట్టగానే ఆ పేజీ అంచున పెన్సిల్‌తో పేరు రాసేసేవాడు! మిగతా పాఠకులు నా మీదికి వచ్చారు. జరిమానా వేశాను, మారలేదు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం: పేరు రాయకూడదు, ఎన్నో పేజీలో తెలిసిందో ఆ అంకె ఒక్కటి చివరి అట్ట లోపల రాయవచ్చు. "42" అని ఉంటే ఆ నవల దండగ. "171" అని ఉంటే దానికోసం జనం ఆగేవారు. ఒకసారి అంకె బదులు "మోసం" అని రాసి తెచ్చాడు. ఏమయిందయ్యా అంటే, "హంతకుడు చివరి అధ్యాయంలో కొత్తగా రైలు దిగాడండీ, అంతకుముందు ఎక్కడా లేడు" అన్నాడు. అపరాధ పరిశోధన నవలకు ఇంతకంటే మంచి పరీక్ష నేను ఎక్కడా చూడలేదు. ఆధారాలన్నీ మన కళ్ల ముందే ఉండాలి, అయినా మనం చూడకుండా ఉండాలి.

వంటల పుస్తకాన్ని మీకు బాగా వచ్చిన వంటతో పరీక్షించండి. నేను అరిసెల పేజీ తీస్తాను. బియ్యం నానబెట్టి, తడి ఆరకముందే పట్టించిన పిండి అని చెప్పిందా? పాకం ఎప్పుడు దించాలో చెప్పిందా? పళ్లెంలో నీళ్లు పోసి, పాకం బొట్టు వేసి, వేలితో కూడదీస్తే మెత్తటి ఉండ కట్టాలి. ఆ సంగతి లేకుండా "పాకం వచ్చాక పిండి కలపాలి" అని వదిలేస్తే ఆ రచయిత్రి పొయ్యి దగ్గర నిలబడి రాయలేదని అర్థం. అలాంటి పుస్తకాన్ని నమ్మి ఒక పండగకు మైసూర్‌పాక్ చేశాను, మా ఆయన దాన్ని తలుపుకు అడ్డుపెట్టారు.

విజ్ఞానశాస్త్ర పుస్తకంలో గ్రహాలు ఎన్ని అని చూడండి. 2006 ఆగస్టులో ప్లూటోను గ్రహాల జాబితా నుంచి తీసేశారు. అంతకుముందు అచ్చయిన పుస్తకం తొమ్మిది అంటే తప్పులేదు. నిన్న కాక మొన్న "సరికొత్త ముద్రణ" అని వేసి, ఇంకా తొమ్మిదే అంటే లోపల మిగతావీ దిద్దలేదన్నమాట.

చరిత్ర అయితే మీ ప్రాంతం సంగతి తీయండి. నేను చీరాల-పేరాల చూస్తాను. 1921లో జనం మునిసిపాలిటీ వద్దని ఇళ్లు వదిలి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ఊరి బయట రామ్‌నగర్ కట్టుకున్నారు. "ప్రజలు వీరోచితంగా పోరాడారు" అని రెండు వాక్యాలు రాసి ఊరుకున్న పుస్తకం నాకు అక్కర్లేదు. పన్నుల గొడవ ఏమిటి, అన్ని నెలలు పాకల్లో ఎలా బతికారు, చివరికి ఎందుకు వెనక్కి వచ్చారు, ఇదంతా ఎక్కడ చదివి రాశారు, ఇవి చెప్పాలి. ఓటమి దగ్గర గొంతు తగ్గించే చరిత్రకారుణ్ణి గెలుపు దగ్గరా నమ్మను.

ఆత్మకథల్లో నేను డబ్బు వెతుకుతాను. మొదటి జీతం ఎంత, ఇంటి అద్దె ఎంత, ఎవరి దగ్గర అప్పు చేశారు. అవి గుర్తున్నవారికి మిగతావీ ఉన్నవి ఉన్నట్టు గుర్తుంటాయని నా నమ్మకం. సన్మానాలు మాత్రమే గుర్తున్నవారి పుస్తకాన్ని మెల్లగా మూసేస్తాను.

అనువాదానికి నాకో చిట్కా ఉంది: ఒక పేజీలో 'తన' ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. "అతను తన చేతిని తన జేబులో ఉంచుకుని తన ఇంటి వైపు నడిచాడు." తెలుగులో పుట్టినవాళ్లు ఎవరైనా ఇలా అంటారా? "చేయి జేబులో పెట్టుకుని ఇంటివైపు నడిచాడు" అంటే చాలదూ! ఎవరి చేయి ఎవరి జేబులో ఉందో మనకు తెలియదనా? పేజీకి ఆరు దాటితే పక్కన పెట్టేస్తాను. అలాగే అనువాదకుల పేరు ఎక్కడ వేశారో, ఏ భాష నుంచి నేరుగా చేశారో చూడండి. బెంగాలీ కుటుంబంలో అందరూ ఒకరినొకరు అంకుల్, ఆంటీ అని పిలుచుకుంటుంటే అది ఇంగ్లిషు మీదుగా వచ్చిందని అనుమానించండి.

కవిత్వం సంగతి చెప్పడం కష్టం. ఒక కవిత ఉదయం చదవండి, అదే రాత్రి పడుకునేముందు చదవండి. రెండోసారికి ఏమీ మిగలకపోతే వదిలేయండి. పిల్లల పుస్తకాలకు పిల్లలే పరీక్ష, పెద్దవాళ్లు "నీతి బాగుంది" అని కొంటుంటే ఆపండి. వ్యక్తిత్వ వికాసం పుస్తకాల్లో ఒకటి చదివితే మిగతావి చదివినట్టే.

యాభై పేజీలు చదివాక కూడా పేజీ తిప్పడానికి చేయి వెళ్లకపోతే ఆపేయండి, పాపమేమీ అంటదు. ఎక్కడ ఆపారో మాత్రం రాసుకోండి. నేను ఒక రూళ్ల పుస్తకంలో పేజీకి నాలుగు గళ్లు గీసుకుంటాను: పుస్తకం ఎక్కడ దొరికింది, ఎన్నో పేజీలో ఆపాను, ఎందుకు ఆపాను, తర్వాత ఎవరికి ఇచ్చాను. రెండో గడి చూసుకుంటే పదేళ్ల తర్వాత సరదాగా ఉంటుంది, నలభై ఏళ్ల వయసులో వదిలేసినవాటిని అరవైలో పూర్తిచేశాను కొన్ని. నాలుగో గడిలో ఇప్పటికి పదిహేడు పేర్లకు ఎదురుగా "తిరిగి రాలేదు" అని ఉంది. అందులో మూడు మా చెల్లెలి పేరే.