ఏజెన్సీ మారిన ప్రతిసారీ డీబీఎస్ ఫీజు కట్టనవసరం లేదు: అప్‌డేట్ సర్వీసులో చేరే విధానం

కిందటి శీతాకాలంలో ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చి వంటగది బల్ల మీద మూడు కవర్లు పెట్టింది. మూడింటిలోనూ డీబీఎస్ సర్టిఫికెట్లే, అంటే నేర చరిత్ర తనిఖీ పత్రాలే. మూడూ అన్నిటికంటే లోతైన ఎన్‌హాన్స్‌డ్ స్థాయివి, మూడూ కేర్ అసిస్టెంట్ పని కోసం తీసుకున్నవి. ఆమె మీద ఏ కేసూ లేదని మూడూ చెబుతున్నాయి. పదకొండు నెలల్లో మూడు ఏజెన్సీల్లో చేరినందుకు మూడుసార్లు ఫీజు కట్టింది. నాలుగో ఏజెన్సీ మళ్లీ కట్టమంటోంది. ‘‘అక్కా, ఇక్కడ అందరికీ ఇంతేనా?’’ అని అడిగింది.

మూడో సర్టిఫికెట్ తీసి దాని మీది తేదీ చూశాను. అప్పటికి సరిగ్గా 34 రోజులైంది. నాలుగు రోజుల ముందు వచ్చి ఉంటే ఆ నాలుగో ఫీజు తప్పించే మార్గం ఉండేది. ఆ సర్టిఫికెట్ పాత అద్దెగదికి వెళ్లింది. అక్కడున్న స్నేహితురాలు భద్రంగా ఫ్రిజ్ మీద పెట్టి, పది రోజుల తర్వాత అందజేసింది. ఇందులో ఎవరి తప్పూ లేదు. గడువు ఒకటి ఉంటుందని ఆ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు, అంతే.

ఇంగ్లండ్, వేల్స్‌లలో కేర్ హోములు, ఆసుపత్రులు, పాఠశాలల్లో ఏజెన్సీల ద్వారా తాత్కాలిక పనికి వెళ్లే మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. స్కాట్లండ్‌లో ఈ పని చూసేది డిస్‌క్లోజర్ స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్‌లో యాక్సెస్ ఎన్ఐ. అక్కడి పద్ధతులు వేరు, కాబట్టి ఇక్కడ చెప్పినవి అక్కడ వర్తించవు.

ముందు ఏ స్థాయి కావాలో తెలుసుకోండి

డీబీఎస్ అంటే డిస్‌క్లోజర్ అండ్ బారింగ్ సర్వీస్. 2012 డిసెంబరులో ఏర్పడింది. అంతకు ముందు ఈ తనిఖీలు చేసిన సంస్థ పేరు సీఆర్‌బీ. పాత ఉద్యోగులు ఇప్పటికీ ‘సీఆర్‌బీ చేయించావా?’ అని అడుగుతుంటారు. కంగారు పడకండి, రెండూ ఒకటే.

తనిఖీలో బేసిక్, స్టాండర్డ్, ఎన్‌హాన్స్‌డ్ అనే స్థాయిలు ఉన్నాయి. ఎన్‌హాన్స్‌డ్‌లోనే, పిల్లలతో లేదా పెద్దలతో పనిచేయకుండా నిషేధించిన వారి జాబితాలను కూడా చూసే రకం ఒకటి ఉంది. కేర్ హోములో వృద్ధులకు స్నానం చేయించడం, అన్నం తినిపించడం వంటి పనులకు ఏజెన్సీలు అడిగేది ఈ రకమే. 2024 డిసెంబరు 2 నుంచి ప్రభుత్వ ఫీజులు ఇలా ఉన్నాయి: బేసిక్, స్టాండర్డ్‌లకు 21.50 పౌండ్లు చొప్పున, ఎన్‌హాన్స్‌డ్‌కు 49.50 పౌండ్లు. ఏజెన్సీ గానీ, దాని తరఫున దరఖాస్తు పంపే సంస్థ గానీ సేవా రుసుము పేరుతో దీని మీద ఇంకొంత వేస్తుంది. రసీదులో ప్రభుత్వ ఫీజు ఎంత, సేవా రుసుము ఎంత అన్నది విడిగా రాసివ్వమని అడగండి. అడిగితే పని పోతుందేమోనన్న భయం అక్కర్లేదు. అది మామూలు ప్రశ్నే.

మధ్యవర్తులు డబ్బు గుంజేది సరిగ్గా ఈ దశలోనే. బేసిక్ తనిఖీకి ఎవరికి వారే ప్రభుత్వ వెబ్‌సైటులో దరఖాస్తు చేసుకోవచ్చు. కేర్ పని కోసం తిరుగుతున్న విద్యార్థులకు ‘రెండు రోజుల్లో డీబీఎస్ ఇప్పిస్తాం’ అని చెప్పి, వాళ్ల పేరు మీద బేసిక్ దరఖాస్తు పెట్టి, అసలు ఫీజుకు రెండు మూడు రెట్లు తీసుకునేవాళ్లు ఉన్నారు. సర్టిఫికెట్ నిజమైనదే. కానీ కేర్ హోముకు పనికిరాదు, పైగా ఈ వ్యాసంలో చెప్పబోయే అప్‌డేట్ సర్వీసులో బేసిక్‌కు చోటే లేదు. ఏజెన్సీ ద్వారా కేర్ పనికి చేరేవారి ఎన్‌హాన్స్‌డ్ దరఖాస్తును ఆ ఏజెన్సీయో, డీబీఎస్ వద్ద నమోదైన సంస్థో పంపాలి. కాబట్టి పని ఇచ్చే ఏజెన్సీతో సంబంధం లేకుండా ఎవరైనా ఫోనులో ‘ఎన్‌హాన్స్‌డ్ చేసిపెడతాం, ముందు డబ్బు పంపండి’ అంటే పంపకండి.

దరఖాస్తు

ఈ భాగం కష్టమేమీ కాదు. ఏజెన్సీ ఆన్‌లైన్ ఫారం లింకు పంపుతుంది. పాస్‌పోర్టు, దానితో పాటు మరో రెండు గుర్తింపు పత్రాలు సాధారణంగా సరిపోతాయి. వాటిలో కనీసం ఒకటి ప్రస్తుత చిరునామా చూపాలి. బ్యాంకు స్టేట్‌మెంటు అయితే మూడు నెలల లోపుదై ఉండాలి. మొబైల్ ఫోను బిల్లు చెల్లదు.

చిరునామాల దగ్గర మాత్రం ఆగి, నెమ్మదిగా నింపండి. గడచిన అయిదేళ్లలో ఉన్న ప్రతి చిరునామా, ఏ నెల నుంచి ఏ నెల వరకు ఉన్నారన్న వివరంతో, మధ్యలో ఖాళీ లేకుండా ఇవ్వాలి. భారత్‌లోని ఇల్లు, హాస్టలు, ఇక్కడికి వచ్చాక మొదటి నెల తలదాచుకున్న స్నేహితుడి గది, అన్నీ లెక్కలోకి వస్తాయి. ‘రెండు వారాలే కదా’ అని వదిలేసిన గది వల్ల దరఖాస్తు వెనక్కి వచ్చిన సందర్భాలు నేను చూశాను. ఒక కాగితం మీద చిరునామాలన్నీ తేదీలతో రాసుకుని ఫోటో తీసి ఫోనులో ఉంచుకోండి, ప్రతిచోటా అదే అక్కరకొస్తుంది. సర్టిఫికెట్ పోస్టులో మీకే వస్తుంది. అది చేరే లోపు గది మారే ఆలోచన ఉంటే, పాత ఇంట్లో మీ పేరిట వచ్చే కవరును వెంటనే తెరిచి ఫోటో పంపమని అక్కడివాళ్లకు ముందే చెప్పి పెట్టండి.

దరఖాస్తు ఏ దశలో ఉందో డీబీఎస్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. మొత్తం అయిదు దశలు. మీరు నివసించిన ప్రాంతాల పోలీసులు తమ రికార్డులు చూసేది నాలుగో దశ, ఎక్కువ ఆలస్యం అక్కడే జరుగుతుంది. అక్కడ ఆగిందంటే మీ మీద ఏదో దొరికిందని అర్థం కాదు. ఎక్కువ ఊళ్లు మారినవారికి ఎక్కువ పోలీసు విభాగాలు చూడాలి, అందుకే సమయం పడుతుంది.

అందరూ పోగొట్టుకునే 30 రోజులు

డీబీఎస్ సర్టిఫికెట్‌కు అధికారికంగా గడువు తేదీ ఉండదు. అది జారీ అయిన రోజున ఉన్న సమాచారం మాత్రమే చెబుతుంది. ఆ తర్వాత ఏం జరిగిందో కొత్త ఏజెన్సీకి తెలియదు కాబట్టి కొత్త తనిఖీ అడుగుతుంది. ఈ చిక్కు తీర్చడానికే 2013 జూన్‌లో అప్‌డేట్ సర్వీసు ప్రారంభించారు. ఏడాదికి 16 పౌండ్లు కట్టి మీ సర్టిఫికెట్‌ను దానికి జతచేస్తే, ఆ తర్వాత చేరే ఏజెన్సీ మీ అనుమతితో ఆన్‌లైన్‌లో చూసి, కొత్త సమాచారం ఏమైనా ఉందో లేదో అప్పటికప్పుడే తెలుసుకోగలదు. ఆ చూడటానికి ఏజెన్సీ పైసా కట్టనక్కర లేదు. కాబట్టి ‘అప్‌డేట్ సర్వీసు పరిశీలన ఫీజు’ అని ఎవరైనా అడిగితే, అది డీబీఎస్ వేసిన ఫీజు కాదని గుర్తుంచుకోండి.

లెక్క చూడండి. ఏడాదిలో మూడు ఎన్‌హాన్స్‌డ్ తనిఖీలకు ప్రభుత్వ ఫీజే 148.50 పౌండ్లు. ఒక తనిఖీ, ఒక అప్‌డేట్ సర్వీసు కలిపితే 65.50. నెలాఖరులో అద్దె కట్టడానికి షిఫ్టులు లెక్కబెట్టుకునే మనిషికి ఆ 83 పౌండ్లు చాలా పెద్ద మొత్తం.

చేరడానికి రెండు అవకాశాలు ఉన్నాయి. మొదటిది, దరఖాస్తు పెట్టినప్పుడే. ఏజెన్సీ ఇచ్చిన దరఖాస్తు రిఫరెన్సు నంబరుతో అప్పుడే నమోదు కావచ్చు. అలా నమోదైన 28 రోజుల్లోపు దరఖాస్తు డీబీఎస్‌కు చేరాలి. రెండోది, సర్టిఫికెట్ వచ్చాక దాని నంబరుతో. దీనికి గడువు సర్టిఫికెట్ జారీ అయిన తేదీ నుంచి 30 రోజులు. ఆ లెక్క మీ చేతికి కవరు అందిన రోజు నుంచి కాదు, సర్టిఫికెట్ మీద ముద్రించిన తేదీ నుంచి. పోస్టులో గడిచిన రోజులు, ఫ్రిజ్ మీద గడిచిన రోజులు అన్నీ ఆ ముప్పైలోనే. గడువు దాటాక కారణం చెప్పుకున్నా, బతిమాలుకున్నా లాభం లేదు. మళ్లీ కొత్త తనిఖీ చేయించుకుని, దానితోనే చేరాలి.

అందుకే నన్ను అడిగిన ప్రతి ఒక్కరికీ మొదటి అవకాశమే వాడుకోమని చెబుతున్నాను. ఫారం పంపిన రాత్రే రిఫరెన్సు నంబరు అడిగి తీసుకుని నమోదు చేసేయండి. ఆ నంబరు ఇవ్వడానికి ఏజెన్సీ వెనకాడితే, మెయిలులో మర్యాదగా రాసి అడగండి. నమోదైనప్పుడు మీకొక ఐడీ నంబరు వస్తుంది. తర్వాత ఖాతాలోకి వెళ్లాలంటే అది కావాలి, ఎక్కడైనా రాసి పెట్టుకోండి.

ఒరిజినల్ కాగితాన్ని మాత్రం పాస్‌పోర్టుతో పాటు దాచండి. కొత్త ఏజెన్సీ ఆన్‌లైన్‌లో చూసే ముందు ఒరిజినల్‌ను చూడాలి. పోగొట్టుకుంటే డీబీఎస్ నకలు ఇవ్వదు. అప్‌డేట్ సర్వీసుకు డబ్బు కడుతూ కూడా కాగితం లేక మళ్లీ తనిఖీ చేయించుకున్నవాళ్లు ఉన్నారు. సర్టిఫికెట్‌ను ఏజెన్సీ తన దగ్గర ఉంచుకుంటానంటే ఒప్పుకోకండి. అది మీ పేరిట, మీకు వచ్చిన పత్రం. చూసి, వివరాలు రాసుకుని తిరిగి ఇచ్చేయమనండి.

కొత్త ఏజెన్సీలో ఏం చెప్పాలి

‘నాకు డీబీఎస్ ఉంది’ అంటే చాలదు. ‘నా సర్టిఫికెట్ అప్‌డేట్ సర్వీసులో ఉంది, చూడటానికి నా అనుమతి ఇస్తున్నాను, ఒరిజినల్ తెచ్చాను’ అని చెప్పండి. వాళ్లు మీ పేరు, పుట్టిన తేదీ, సర్టిఫికెట్ నంబరు కొట్టి చూస్తారు. కొత్త సమాచారం లేకపోతే సర్టిఫికెట్ ఇంకా చెల్లుతుందని వస్తుంది. ఏదైనా మారి ఉంటే కొత్త తనిఖీకి దరఖాస్తు చేయమని వస్తుంది. వివరాలు సరిపోలడం లేదని వస్తే హడావిడిగా కొత్త ఫీజు కట్టకండి. ముందు పేరులో ఇంటిపేరు ముందూ వెనకా అయిందేమో చూడండి. మన పేర్ల విషయంలో ఇది మామూలుగా జరిగేదే. సర్టిఫికెట్ మీద ఎలా ఉంటే అక్షరం పొల్లుపోకుండా అలాగే కొట్టమనండి.

అయినా కొత్తది అడగడానికి న్యాయమైన కారణం ఒకటి ఉంటుంది. పాత సర్టిఫికెట్ స్థాయి, అది ఏ వర్క్‌ఫోర్స్ (పని విభాగం) కోసం జారీ అయిందన్నది, కొత్త పనికి సరిపోవాలి. పిల్లల విభాగం, పెద్దల విభాగం వేరువేరు. సర్టిఫికెట్‌లో మీరు దరఖాస్తు చేసిన ఉద్యోగం రాసే చోట ఇది కనిపిస్తుంది. కేర్ హోము కోసం పెద్దల విభాగంలో తీసుకున్న సర్టిఫికెట్‌తో పాఠశాలలో సహాయకురాలిగా చేరలేరు. అలాంటప్పుడు ఏజెన్సీ అడిగింది సబబే, గొడవ పడకండి. కొత్త సర్టిఫికెట్ వచ్చాక, అది జారీ అయిన 30 రోజుల్లోపు, దాన్నీ మీ పాత ఖాతాకే చేర్చండి. దానికి మరో 16 పౌండ్లు కట్టనక్కర లేదు.

స్థాయి, విభాగం రెండూ సరిపోయినా ‘మా పద్ధతి ఇంతే, కొత్తదే కావాలి’ అనే ఏజెన్సీలు ఉన్నాయి. అప్‌డేట్ సర్వీసును తప్పక ఒప్పుకోవాలని వాళ్లను కట్టడి చేసే చట్టం లేదు. ఇది మీకు దాచి చెప్పడం నాకిష్టం లేదు. అప్పుడు అడగాల్సింది ఒక్కటే: ‘అలాగైతే ఫీజు మీరు కడతారా?’ కొందరు కడతారు. కొందరు కొన్ని షిఫ్టులు చేశాక తిరిగిస్తామంటారు, ఆ మాట మెయిలులో రాయించుకోండి. ఇక, పని వెతికిపెట్టినందుకు పనివాళ్ల దగ్గర ఫీజు తీసుకోవడాన్ని నటన, మోడలింగ్ వంటి రంగాలకు తప్ప 1973 నాటి ఎంప్లాయ్‌మెంట్ ఏజెన్సీస్ చట్టం నిషేధిస్తోంది. డీబీఎస్ పేరు చెప్పి రిజిస్ట్రేషన్ డబ్బు వసూలు చేస్తున్నారని అనిపిస్తే ఉద్యోగ హక్కుల మీద సలహా ఇచ్చే ‘ఏకాస్’ సంస్థ హెల్ప్‌లైనుకు ఫోను చేసి అడగవచ్చు. సలహాకు డబ్బు తీసుకోరు.

భారత్‌లోని పోలీసు రికార్డులను డీబీఎస్ చూడదు. అందువల్ల కొత్తగా వచ్చినవారిని భారత పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ కూడా అడగవచ్చు. అది వేరే పత్రం, దాని ఫీజు వేరు. రెండూ ఒకటేనని చెప్పి ఒక్కదానికే రెండుసార్లు డబ్బు తీసుకునేవారి దగ్గర జాగ్రత్త.

ఏడాది తిరిగేసరికి

అప్‌డేట్ సర్వీసు ఏడాదికోసారి కొనసాగించుకోవాలి. చేరేటప్పుడే ఆటోమేటిక్‌గా కొనసాగేలా పెట్టుకోవచ్చు. అయితే అది మీ బ్యాంకు కార్డు మీద ఆధారపడుతుంది. కార్డు గడువు తీరినా, బ్యాంకు మారినా డబ్బు వెళ్లదు, సభ్యత్వం ఆగిపోతుంది. ఒకసారి ఆగితే పాత సర్టిఫికెట్‌తో మళ్లీ చేరలేరు. 49.50 పౌండ్ల నుంచి కథ మళ్లీ మొదలు. కొత్త కార్డు వచ్చిన రోజే ఖాతాలో మార్చండి, ఫోను క్యాలెండరులో నెల ముందు ఒక గుర్తు పెట్టుకోండి. చదువు కోసం తీసుకున్న మెయిల్ కోర్సు అయ్యాక మూతపడవచ్చు, అందుకని సొంత మెయిల్ చిరునామానే ఇవ్వండి.

ఆ అమ్మాయి నాలుగో ఫీజు కట్టక తప్పలేదు. ఆ సాయంత్రం మా బల్ల దగ్గరే ఫారం పంపి, మర్నాడు రిఫరెన్సు నంబరు తెప్పించుకుని నమోదైంది. ఈ వేసవిలో అయిదో ఏజెన్సీలో చేరినప్పుడు నాకు తన ఖాతా పేజీ చూపించింది. సర్టిఫికెట్‌ను ఏ సంస్థ ఎప్పుడు చూసిందో అందులో ఉంటుంది. ఒకే ఒక వరుస, ఒక తేదీ. ఆ వారమే మొదటి షిఫ్టుకు వెళ్లింది.