యాప్ దాచుకున్న ఫైళ్లను బయటికి తీయడం, దిద్దడం ఎలా?

సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరకు వెళ్లిన మా చిన్నాన్న, ఒగ్గు పూజారులు చెప్పిన కథను రెండు రాత్రుల పాటు ఫోనులో రికార్డు చేసుకున్నాడు. యాప్ తెరిస్తే అవన్నీ వినిపిస్తాయి. ఫైల్ మేనేజర్‌లో వెతికితే మాత్రం ఒక్కటీ కనబడదు. హనుమకొండ చౌరస్తాలో ఒక మొబైల్ దుకాణానికి వెళ్తే, ‘యాప్ తీసేసి మళ్లీ వేసుకోండి, వచ్చేస్తాయి’ అన్నారట. అదృష్టం బాగుండి, తీసే ముందు నాకు ఫోన్ చేశాడు. తీసి ఉంటే మల్లన్న కూడా వాటిని తెచ్చి ఇవ్వలేకపోయేవాడు.

యాప్‌ను తొలగించగానే దాని సొంత ఫోల్డరును కూడా ఆండ్రాయిడ్ తుడిచేస్తుంది. సెట్టింగ్స్‌లో ‘క్లియర్ డేటా’ నొక్కినా అంతే. ‘క్లియర్ క్యాష్’ వేరు, దానితో ఇంత ప్రమాదం లేదు. కాబట్టి ఫైళ్లు చేతికి వచ్చే దాకా యాప్‌ను తొలగించకండి, ‘క్లియర్ డేటా’ నొక్కకండి.

ముందుగా ఫైలు ఏ గదిలో ఉందో తెలుసుకోండి

యాప్ సామాను మూడు చోట్ల ఉంటుంది. మొదటిది లోపలి గది. పాస్‌వర్డులు, డేటాబేసుల వంటివి అక్కడ ఉంటాయి. ఆ తాళం యాప్ దగ్గరే ఉంటుంది, ఫోను యజమానికి కూడా ప్రవేశం లేదు. రెండోది ఆండ్రాయిడ్ ఫోల్డరులోని ‘డేటా’. రికార్డింగులు, దించుకున్న మ్యాపులు, ఆటల సెట్టింగుల వంటివి చాలావరకు ఇక్కడికే చేరతాయి. మూడోది దాని పక్కనే ఉండే ‘మీడియా’. దీనికి తాళం లేదు. వాట్సాప్ ఫొటోలు, వీడియోలు ఇప్పుడు ఉండేది ఇక్కడే. పాత చోట వెతికి ‘నా ఫొటోలు పోయాయి’ అని కంగారు పడేవారు ముందు ఈ మీడియా ఫోల్డరు తెరిచి చూడండి.

‘డేటా’ ఫోల్డరు ఒకప్పుడు బార్లా తెరిచే ఉండేది. స్టోరేజీ అనుమతి ఇచ్చిన టార్చిలైటు యాప్ కూడా పక్క యాప్ ఫైళ్లు చదవగలిగేది. 2020లో వచ్చిన ఆండ్రాయిడ్ 11 దానికి తలుపు బిగించింది. ఒక్కో ఉపఫోల్డరుకు విడిగా అనుమతి తీసుకునే కిటుకు కొన్నాళ్లు నడిచింది. 2022 నాటి ఆండ్రాయిడ్ 13తో అదీ మూతపడింది. పాత వీడియోల్లో చెప్పే ‘యూజ్ దిస్ ఫోల్డర్’ బటన్ మీ ఫోనులో పనిచేయకపోవడానికి కారణం ఇదే. చిరాకు కలిగించే మార్పే అయినా, గూగుల్ చేసింది తప్పని నేను అనను.

డేటాలో ఒక్కో యాప్‌కు ఒక్కో ఫోల్డరు ఉంటుంది, పేరు మాత్రం వింతగా ‘కామ్’ వంటి అక్షరాలతో మొదలై చుక్కలతో సాగుతుంది. మీ యాప్‌ది ఏదో తెలియకపోతే ప్లే స్టోర్‌లో దాని పేజీ తెరిచి షేర్ నొక్కండి. ఆ లింకులో ‘ఐడీ’ తర్వాత సమానం గుర్తు పక్కన ఉన్నదే ఫోల్డరు పేరు.

మొదటి దారి: కేబులు

అన్నింటికన్నా ముందు యాప్‌లోనే ‘ఎక్స్‌పోర్ట్’, ‘షేర్’ ఉన్నాయేమో చూడండి. ఉంటే ఈ తతంగమంతా అక్కర్లేదు. చిన్నాన్న యాప్‌లో ఒక్కొక్కటిగా పంపే వీలుంది కానీ ఉన్నవి నలభై పైనే.

కంప్యూటర్ దొరికితే కేబులు దారే మేలు. ఫోనును కలిపి, లాక్ తీసి, పైనుంచి నోటిఫికేషన్లు దించండి. అక్కడ యూఎస్‌బీ అని ఉన్నదాన్ని నొక్కి, ‘ఫైల్ ట్రాన్స్‌ఫర్’ ఎంచుకోండి. ఆ మాటే కనబడకపోతే మీ కేబులు చార్జింగుకే పనికొచ్చే రకం కావచ్చు, మార్చి చూడండి. తర్వాత విండోస్‌లో ‘దిస్ పీసీ’ తెరిచి ఫోను, అందులో ఇంటర్నల్ స్టోరేజ్, ఆండ్రాయిడ్, డేటా అనే వరుసలో వెళ్లండి. ఫోనులోని ఫైల్ మేనేజర్‌కు కనబడని ఫోల్డర్లు చాలా ఫోన్లలో ఇక్కడ కనబడతాయి. మీకు కావలసిన ఫోల్డరు మొత్తాన్ని డెస్క్‌టాప్ మీదికి కాపీ చేయండి. ‘కట్’ చేయకండి. మధ్యలో కేబులు కదిలితే అటూ ఇటూ కాకుండా పోతుంది.

రెండో దారి: కంప్యూటర్ లేకపోతే షిజుకు

ప్లే స్టోర్‌లో షిజుకు అనే ఉచిత యాప్ ఉంది. యాప్‌లు తయారుచేసే డెవలపర్లకు, తప్పులు వెతకడానికి ఆండ్రాయిడ్ ఇచ్చిన డీబగ్గింగ్ దారిని వాడుకుని, మీరు అనుమతించిన యాప్‌కు కొంత అదనపు అధికారం ఇప్పిస్తుంది. సెట్టింగ్స్‌లో ‘అబౌట్ ఫోన్’ తెరిచి ‘బిల్డ్ నంబర్’ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్లు వస్తాయి. వాటిలో ‘వైర్‌లెస్ డీబగ్గింగ్’ ఆన్ చేయాలి. దీనికి వైఫై తప్పనిసరి, ఇంట్లో లేకపోతే ఇంకో ఫోను హాట్‌స్పాట్ చాలు. షిజుకులో ‘పెయిరింగ్’ నొక్కి, డీబగ్గింగ్ తెరలో కనిపించే ఆరంకెల కోడ్‌ను నోటిఫికేషన్‌లో టైపు చేసి, ‘స్టార్ట్’ నొక్కండి. ఆపైన జెడ్‌ఆర్కైవర్ వంటి, షిజుకుతో కలిసి పనిచేసే ఫైల్ మేనేజర్‌కు అనుమతి ఇస్తే డేటా ఫోల్డరు తెరుచుకుంటుంది. ఫోను ఆపి మళ్లీ వేస్తే షిజుకును మళ్లీ స్టార్ట్ చేయాల్సి రావచ్చు. ఆ కోడ్‌ను ఫోన్లో అడిగిన ఎవరికీ చెప్పకండి.

ఇక ‘రూట్ చేయండి’ అనే సలహా, అంటే తాళాలన్నీ తీసి ఫోను మీద పూర్తి అధికారం తెచ్చుకోమనడం. ఫైళ్లు కాపాడుకోవడానికి రూట్ చేయడమంత తెలివితక్కువ పని లేదు. రూట్ చేయాలంటే సాధారణంగా ముందు బూట్‌లోడర్‌ను (ఫోను ఆన్ కాగానే ఆండ్రాయిడ్‌ను లేపే ప్రోగ్రాం) అన్‌లాక్ చేయాలి, అది చేయగానే ఫోనులోని సమస్తం చెరిగిపోతుంది. ఆ తర్వాత బ్యాంకు యాప్‌లు కూడా మొండికేయవచ్చు.

దిద్దడం

చిన్నాన్న కోరిక ఇంకొకటి ఉంది. ‘రికార్డింగ్ 17’ వంటి పేర్లు తీసేసి ‘మల్లన్న కథ, రెండో రాత్రి’ అని పెట్టాలట. యాప్ ఆ పేర్లను ఒక జేసన్ ఫైలులో, అంటే యాప్‌లు తమ వివరాలు రాసుకునే మామూలు అక్షరాల ఫైలులో, రాసుకుంది. ఇలాంటివి దిద్దే ముందు సెట్టింగ్స్‌లో ఆ యాప్‌ను ‘ఫోర్స్ స్టాప్’ చేయండి. నడుస్తూ ఉంటే మీరు రాసినదాని మీద అది తన పాత ప్రతిని రాసేసే వీలుంది. ఫైలు అసలు ప్రతిని ఒక పక్కన భద్రంగా ఉంచి, రెండో ప్రతిని మాత్రమే తెరవండి. ఫోను లోపల ఉన్నదాన్ని అక్కడికక్కడే తెరిచి మార్చడానికి ప్రయత్నించకండి, కేబులు దారిలో అది సవ్యంగా సేవ్ కాదు.

తెరవడానికి నోట్‌ప్యాడ్ చాలు. వర్డ్ వద్దు. అది మీరు టైపు చేసే నిలువు కొటేషన్ గుర్తులను వంపు గుర్తులుగా మార్చేయవచ్చు, యాప్‌కు అవి అర్థం కావు. కొటేషన్ గుర్తుల మధ్య ఉన్న పేరును మాత్రమే మార్చండి, చివరి కామాను తాకకండి. ఒక్క కామా ఎగిరిపోతే మొత్తం జాబితా ఖాళీగా కనబడవచ్చు. సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ (అక్షరాలను ఫైలులో దాచే పద్ధతి) దగ్గర, తెలుగును దాచగల యూటీఎఫ్-8 ఉందో లేదో చూడండి. నేను పాత ల్యాప్‌టాప్‌లో తొందరపడి, తెలుగు అక్షరాలు పట్టని ‘ఆన్సీ’ అనే పాత పద్ధతిలో సేవ్ చేశాను. మల్లన్న పేరు ఉండాల్సిన చోట వరుసగా ప్రశ్నార్థకాలు వచ్చాయి. పక్కన దాచిన ప్రతి ఉంది కాబట్టి మళ్లీ మొదలుపెట్టగలిగాను.

దిద్దిన ఫైలును అదే పేరుతో, అదే ఫోల్డరులో తిరిగి పెట్టి యాప్ తెరవండి. అంతా బాగుంటే డెవలపర్ ఆప్షన్లలో డీబగ్గింగ్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు కూడా.

చిన్నాన్న రికార్డింగుల్లో నలభై బయటికి వచ్చాయి. ఒకటి మాత్రం ఎంత నొక్కినా మోగలేదు. వివరాలు చూస్తే పరిమాణం 0 బైట్లు. రికార్డు అవుతూ ఉండగానే చార్జింగ్ అయిపోయిందట. ఫైలు పక్కన ఆ సున్నా కనిపిస్తే ఇక్కడ చెప్పిన ఏ దారీ పనిచేయదు. ఆ రాత్రి పక్కన కూర్చుని రికార్డు చేసినవాళ్లెవరైనా ఉన్నారేమో అడుగుతూ చిన్నాన్న ఇప్పుడు ఫోన్లు చేస్తున్నాడు.