దూరంగా ఉండి కలిసి పాడాలంటే

జూమ్‌లో నలుగురం కలిసి కీర్తన పాడదామంటే ఒకరి గొంతు ఇంకొకరికి లేటుగా వినిపించి తాళం జారిపోతుంది కదా, లైవ్‌లో కుస్తీ పట్టే బదులు ఇలా చేసి చూడండి. ఒకళ్ళు తంబూరా, మెట్రోనోమ్ (లయకి టిక్ టిక్ మని దెబ్బలు వినిపించేది) నిమిషానికి 70 దెబ్బల్లో పెట్టుకుని, ముందు ఆది తాళం ఒక ఆవర్తనం అంటే 8 దెబ్బలు ఖాళీగా వదిలి పాడి, ఆ ఫైల్‌ని వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపాలి, వాయిస్ మెసేజ్‌గా వద్దు, క్వాలిటీ పోతుంది. మిగతావాళ్ళు అది ఇయర్‌ఫోన్స్‌లో వింటూ, ఆ 8లో చివరి 4 దెబ్బలకి గట్టిగా చప్పట్లు కొట్టి, ఇంకో ఫోన్‌లో తమ గొంతు మాత్రమే రికార్డ్ చేయాలి. తర్వాత ఆడాసిటీలో (కంప్యూటర్‌లో ఆడియో ఎడిట్ చేసే సాఫ్ట్‌వేర్, ఫ్రీనే) అందరి చప్పట్లూ మొదటి ఫైల్‌లోని ఆ దెబ్బల కింద ఒకదాని కింద ఒకటి సరిపెడితే చాలు, పాటంతా కలిసిపోతుంది. ఇయర్‌ఫోన్స్ వైరువే వాడండి, బ్లూటూత్‌లో శబ్దం ఆలస్యంగా వస్తుంది. రాగాలాపనకి మాత్రం ఇది పనికిరాదు, దానికి తాళం ఉండదు కాబట్టి ఒక్కరే పాడటం మంచిది.