పారమీసియం తిండి అరిగించుకోవడాన్ని మైక్రోస్కోప్‌లో ఎలా చూడాలి?

పారమీసియం అంటే చెరువు నీళ్లలో ఉండే ఒకే కణం ఉన్న సూక్ష్మజీవి. దానికి పొట్ట లేదు, పేగుల్లేవు. తిన్నదాన్ని ఒక బుడగలో మూటగట్టి, ఆ మూటలోకే ఎంజైములు వదిలి అరిగించుకుంటుంది. ఆ బుడగే ఆహార రిక్తిక. కాంగో రెడ్ అనే రంగు దొరికితే ఈ తతంగాన్ని కళ్లారా చూడొచ్చు.

ముందు పారమీసియాలను పెంచాలి. ఎండుగడ్డిని నీళ్లలో మరిగించి, చల్లారాక కొంచెం చెరువు నీళ్లు కలిపి, మూత వదులుగా పెట్టి వారం పది రోజులు వదిలేయండి. సన్నటి తెల్లని నలకలు ఈదుతుంటే మైక్రోస్కోప్ కింద పెట్టి చూసుకోండి.

తర్వాత మేత. 10 మిల్లీలీటర్ల నీళ్లలో 3 గ్రాముల ఈస్ట్, 30 మిల్లీగ్రాముల కాంగో రెడ్ వేసి సన్నని మంట మీద 10 నిమిషాలు మరిగించి చల్లార్చండి. ఈ రంగు ఒంటికి మంచిది కాదు. గ్లౌజులు వేసుకోండి, వంటగిన్నెల జోలికి పోకండి.

స్లైడ్ మీద పారమీసియాలున్న నీటి చుక్క వేసి, టూత్‌పిక్ కొనకు అంటినంత ఈస్ట్ మాత్రమే కలపండి. నేను మొదటిసారి ఏకంగా చుక్క వేసేశాను, ఎర్రటి బురద తప్ప ఏమీ కనబడలేదు! నాలుగు దూది పోగులు విడదీసి వేస్తే పారమీసియాలు వాటి మధ్య ఇరుక్కుని పరుగు తగ్గిస్తాయి. పైన కవర్ స్లిప్ పెట్టండి.

100 రెట్లలో ఒకదాన్ని పట్టుకుని 400 రెట్లకు మారండి. ఇక దాన్నే చూస్తూ ఉండండి. నోటి గాడి చివర ఎర్రటి ఈస్ట్ పోగవుతుంది, బుడగ ఉబ్బుతుంది, తెగి లోపలికి జారుతుంది. కొద్ది నిమిషాల్లో ఎరుపు ఊదాగా, ఆపై నీలంగా మారుతుంది. పీహెచ్ (ఆమ్లం కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 5 పైన ఎర్రగా, 3 కింద నీలంగా ఉండటం కాంగో రెడ్ గుణం. అంటే ఆమ్లం మోసుకొచ్చే చిన్న సంచులు బుడగలో కలిశాయన్నమాట. ఆ తర్వాత లైసోజోములు, అంటే ఎంజైములు నిండిన చిన్న సంచులు, వచ్చి కలిసి ఎంజైములు దించుతాయి. ఆమ్లం తగ్గి రంగు మళ్లీ ఎరుపు వైపు తిరుగుతుంది. అరగనిది ఒంటి పక్కనున్న ఒకే చోటు నుంచి బయటికి పోతుంది.

ఒక్క మాట: రంగు చెప్పేది ఆమ్లం సంగతే, ఎంజైములు మాత్రం కనబడవు. 1955లో లైసోజోముకు పేరు పెట్టిన శాస్త్రవేత్త క్రిస్టియన్ డి డ్యూవ్ బృందం కూడా దాన్ని ముందు కంటితో చూడలేదు. ఎలుక కాలేయంలోని ఒక ఎంజైము, పొర చిరిగితే తప్ప సరిగా పనిచేయకపోవడం చూసి, అది సంచిలో ఉందని ఊహించారు.

ఎంతసేపటికీ నీలం రాకపోతే మరో పారమీసియాన్ని వెతకండి. స్లైడ్ ఆరిపోతుంటే కవర్ స్లిప్ అంచున ఒక నీటి చుక్క వదలండి.