నేర నవల రాద్దాం – 4వ పాఠం: సిమెనాన్ లిఫాఫా

పోయిన పాఠంలో నేరాన్ని ఒక్క వాక్యంలో రాసి పెట్టుకొమ్మన్నాం. ఆ కాగితాన్ని పక్కకు పెట్టండి, ఈ వారం దానితో పనిలేదు. ఇప్పుడు మనుషులను, వాళ్లు తిరిగే చోటును కూడగట్టుకోవాలి. ఇది జార్జ్ సిమెనాన్ పద్ధతి.

సిమెనాన్ 1903లో బెల్జియంలోని లియేజ్‌లో పుట్టాడు. పదహారేళ్లు నిండకముందే ఊళ్లోని పత్రికలో విలేకరిగా చేరాడు. పారిస్ వెళ్లి మారుపేర్లతో వందకు పైగా కాలక్షేపం నవలలు రాశాడు. 1931 నుంచి సొంత పేరుతో మెగ్రే అనే పోలీసు అధికారి నవలలు వచ్చాయి. 1972లో చివరిది రాసేసరికి మెగ్రేవే 75 నవలలు, 28 కథలు అయ్యాయి. ఇంత రాశాడంటే చేతికొచ్చింది రాసి పడేశాడనుకుంటారు. కానీ ఆయన రాసే ముందు చేసుకునే ఏర్పాటు చాలా కచ్చితమైనది.

ఒక కవరు తీసుకునేవాడు. దాని మీద పాత్రల పేర్లు, వయసులు, కుటుంబ వివరాలు రాసేవాడు. పేర్ల కోసం టెలిఫోన్ డైరెక్టరీ తిరగేసేవాడు, ఎక్కడ ఏం జరుగుతుందో చూసుకోవడానికి ఊరి పటం ముందు పెట్టుకునేవాడు. కథ మాత్రం కవరు మీద ఉండదు. ఫలానా మగవాడు, ఫలానా ఆడమనిషి, ఫలానా పరిసరాలు. వీళ్లను చివరి అంచుదాకా నెట్టేది ఏమిటి? ఈ ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టేవాడు. తర్వాత ఏమవుతుందో ముందే తెలిస్తే తనకే ఆసక్తి ఉండదనేవాడు.

మీరూ ఏ4 కాగితం మడవకుండా పట్టే ఖాకీ లిఫాఫా ఒకటి తెచ్చుకోండి. రాత పైభాగం మీదే, ఒక్క వైపే. అక్కడ పట్టనిది మొదటి నవలకు బరువు. ఏడుగురికి మించి మనుషులు వద్దు.

పేర్ల దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. డైరెక్టరీలు ఇప్పుడు లేవు, ఓటరు జాబితా ఉంది. అందులో పేరు, వయసు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు ఉంటాయి. ఒకే మనిషి వివరాలు మొత్తంగా ఎత్తుకోకండి. పేరు ఒక పేజీ నుంచి, ఇంటిపేరు ఇంకో పేజీ నుంచి తీసుకోండి. మన దగ్గర పేరే సగం చరిత్ర చెబుతుంది. సమ్మయ్య, సారయ్య అంటే మేడారం మొక్కు, కొమురయ్య అంటే కొమురవెల్లి, ఐలయ్య అంటే ఐలోని మల్లన్న. అరవై ఏళ్ల మనిషికి ఈ పేర్లు అతికినట్టుంటాయి. ఇంటర్ చదివే పిల్లవాడికి పెడితే ఎందుకు పెట్టారో కథలో చెప్పాల్సి వస్తుంది. సమ్మయ్య, సారయ్య, సాంబయ్య ముగ్గురినీ ఒకే నవలలో పెడితే మూడో అధ్యాయానికి పాఠకుడు ఎవరెవరో మరిచిపోతాడు. ఒక్కో పేరు ఒక్కో అక్షరంతో మొదలుకావాలి.

వయసు పక్కన పుట్టిన సంవత్సరం కూడా వేయండి. కథ జరిగే తేదీ కవరు పైమూలన ఉండాలి. ఇది అలంకారం కాదు. కథ 2024 జులై 1కి ముందుదైతే అనుమానాస్పద మృతి కేసు సీఆర్‌పీసీ 174 కింద, హత్య ఐపీసీ 302 కింద నమోదవుతుంది. ఆ తేదీ నుంచి జరిగిన ఘటన అయితే వాటి స్థానంలో వచ్చిన కొత్త చట్టాలు: బీఎన్‌ఎస్‌ఎస్ 194, బీఎన్‌ఎస్ 103. హనుమకొండ జిల్లా అన్న పేరు 2021లో వచ్చింది. 2016 అక్టోబర్ నుంచి అప్పటిదాకా జరిగే కథలో వరంగల్ అర్బన్ అని, అంతకన్నా ముందుదైతే వరంగల్ జిల్లా అని రాయాలి. ఇలాంటి ఒక్క తప్పు దొరికితే చాలు, పాఠకుడు మీ పంచనామా మొత్తాన్ని నమ్మడం మానేస్తాడు.

చోటును కాళ్లతో కొలవాలి. కాజీపేట జంక్షన్‌లో దిగినవాడు వరంగల్‌లోని ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌కు ఎంతసేపట్లో చేరతాడో ఫోన్‌లోని మ్యాప్ చూసి రాయకండి. తెల్లవారుజామున ఒకసారి, సాయంత్రం రద్దీలో ఒకసారి వెళ్లి నిమిషాలు రాసుకోండి. ‘ఆ టైంలో నేను అక్కడ లేను’ అని నిందితుడు చెప్పే మాట నిలబడేది, కూలేది ఆ రెండు అంకెల తేడా మీదే.

కవరు మీద ఒక మనిషి ఇలా ఉండాలి: ‘సారయ్య, 61, ఎనుమాములలో దడ్వాయి. మిర్చి తూకం వేసి తక్‌పట్టీ (తూకం చీటీ) రాస్తాడు. ఎడమ కంటికి శుక్లం, ఇంట్లో చెప్పలేదు. బిడ్డ పెళ్లి అప్పు అడ్తిదారు (కమీషన్ ఏజెంటు) దగ్గరే. చొక్కా జేబులో రెండు పెన్నులు, ఒకటి రాయదు.’ మంచివాడా చెడ్డవాడా అన్నది ఎక్కడా లేదు, చూశారా? ‘నిజాయితీపరుడు’ అని రాసి ఉంటే రచయిత చేయాల్సిన పని అక్కడితో ఆగిపోయేది. శుక్లం, అప్పు పక్కపక్కన పడ్డాయి కాబట్టి ప్రశ్న దానంతటదే పుడుతుంది: జెండా పాట (ధర తేల్చే వేలం) అయిపోయాక, తూకంలో రెండు బస్తాలు తగ్గిన రోజున, అది కన్ను చేసిన పొరపాటా, అప్పు చేయించిన పనా?

రాత మొదలయ్యాక సిమెనాన్ రోజుకో అధ్యాయం రాసేవాడు, ఒక్క రోజూ తప్పేవాడు కాదు. జబ్బుచేసి నలభై ఎనిమిది గంటలు ఆగితే అప్పటిదాకా రాసింది పారేసేవాడు, మళ్లీ ఆ నవల జోలికి పోయేవాడు కాదు. పదకొండు రోజులకు మించి ఒంటికి తట్టుకునే శక్తి ఉండదని చెప్పేవాడు. మొదలుపెట్టే ముందు డాక్టరుకు చూపించుకునేవాడు. ఉద్యోగం ఉన్నవాళ్లకు ఇది కష్టమే. అయినా దసరా సెలవుల్లాంటి వరుస రోజులు చూసుకోండి. వారానికో అధ్యాయం రాస్తే ఆదివారం నాటికి సారయ్య గొంతు మీ చెవిలోంచి పోతుంది. మొదటి గంట దాన్ని వెతుక్కోవడానికే సరిపోతుంది.

దిద్దుబాటులో ఆయనకు దారి చూపింది రచయిత్రి కొలెట్. తను సాహిత్య సంపాదకురాలిగా ఉన్న పత్రికకు ఆయన పంపిన కథలు మరీ సాహిత్యంలా ఉన్నాయని తిప్పి పంపింది. అప్పటినుంచి విశేషణాలు, క్రియా విశేషణాలు, మెప్పుకోసం పెట్టిన ప్రతి మాటా కొట్టేయడమే ఆయన దిద్దుబాటు. ‘ఎర్రగా మండుతున్న మిర్చి ఘాటు గుప్పున గొంతును పట్టేసింది’ అన్న వాక్యం తీసుకోండి. ‘దడ్వాయి దగ్గాడు’ చాలు. మార్కెట్లో ఉన్నాడని ముందే చెప్పాం కదా.

ఈ వారం ముగ్గురిని కవరు మీదికి ఎక్కించండి, ఒక్కొక్కరికి ఐదు వాక్యాల చొప్పున. ఇంట్లో చెప్పని సంగతి ఒకటి ప్రతి ఒక్కరికీ ఉండాలి. చోటు పటాన్ని కవరు వెనుక వైపు పెన్సిల్‌తో గీయండి, పెన్నుతో వద్దు; వచ్చే పాఠంలో శవాన్ని ఎక్కడ పెట్టాలో తేల్చేటప్పుడు ఒకటి రెండు గోడలు జరపాల్సి వస్తుంది.