దుర్గమ్మ క్యూలో నిలబడేవాళ్లకి ఒక పిక్కల చిట్కా

దసరాకి ఇంద్రకీలాద్రి క్యూలైన్లో గంటలకొద్దీ నిలబడేవాళ్లు కాళ్లు కదపకుండా మాత్రం ఉండొద్దు.

గుండె రక్తాన్ని పాదాల దాకా తోస్తుంది. అక్కణ్నించి అది పైకి రావాలంటే పిక్కల సాయం కావాలి. పిక్క కండ బిగిసినప్పుడల్లా లోపలి సిరలు నొక్కుకుని రక్తం పైకి ఎక్కుతుంది, సిరల్లోని కవాటాలు దాన్ని మళ్లీ కిందికి జారనివ్వవు. కదలకుండా నిలబడితే కాళ్లలోనే రక్తం ఎక్కువగా నిలిచిపోతుంది. పైగా బెజవాడ ఉక్కపోతకి చర్మం కింది రక్తనాళాలు వెడల్పవుతాయి. మెదడుకి అందేది తగ్గి కళ్లు తిరుగుతాయి.

అందుకే మధ్యమధ్యలో మునివేళ్ల మీద లేచి దిగుతూ ఉండండి, పది పదిహేను సార్లు. మోకాళ్లు బిగబట్టొద్దు. మంచినీళ్లు తాగుతుండండి. ఉపవాసం ఉన్న పెద్దవాళ్లని మరీ కనిపెట్టుకోండి.

కళ్లు బైర్లు కమ్మితే మొహమాటపడకుండా అక్కడే కూర్చోండి. ఎవరైనా పడిపోతే చుట్టూ ఉన్నవాళ్లు ముందు లేపి నిలబెట్టాలని చూస్తారు. దయచేసి ఆ పని చెయ్యనివ్వకండి. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తి పట్టుకుంటే రక్తం మెదడుకి చేరుతుంది. ఒక నిమిషంలో తెలివి రాకపోతే 108కి ఫోన్ చెయ్యండి.